బేవుల్ఫ్ నుంచి లాన్సెలాట్ దాకా: కత్తి పట్టినవాణ్ణి ‘సాత్వికుడు’ అని పొగడటం ఎలా కుదిరింది?

ప్రశ్న: మైలాపూరు విద్యార్థిని

పెద్దలందరికీ నమస్కారం. మాది నెల్లూరు. చెన్నైలో ఆంగ్ల సాహిత్యంలో ఎం.ఏ. రెండో సంవత్సరం చదువుతూ మైలాపూరులో ఒక హాస్టల్లో ఉంటున్నాను. ఈ సెమిస్టరు సెమినార్ పత్రానికి మధ్యయుగ ఆంగ్ల సాహిత్యంలో వీరత్వమూ క్రైస్తవ సద్గుణమూ అన్న అంశాన్ని నేనే కోరి తీసుకున్నాను. తీసుకున్నాక గాని అందులోని చిక్కు తెలియలేదు. ఇంగ్లీషులో రాస్తున్నంతసేపూ అంతా సాఫీగా సాగిపోతున్నట్లే ఉంటుంది. అదే సంగతి అమ్మకు ఫోనులో తెలుగులో చెప్పబోతే మాట తడబడుతోంది. తడబడుతున్న చోటే ముడి ఉందేమోనని ఇక్కడ అడుగుతున్నాను.

నా చిక్కంతా మూడు పొగడ్తల దగ్గర ఉంది. పాత ఆంగ్ల వీరగాథ ‘బేవుల్ఫ్’ కావ్యం 3182 పాదాలు నడిచి ఒక సమాధి దిబ్బ దగ్గర ఆగుతుంది. డ్రాగన్‌తో పోరాడి మరణించిన ముసలి రాజు బేవుల్ఫ్ సమాధి చుట్టూ పన్నెండుగురు యోధులు గుర్రాల మీద తిరుగుతూ ఆయన గుణాలు చెప్పుకుంటారు: లోకంలోని రాజులందరిలోకీ దయగలవాడు, నెమ్మదైనవాడు, తన ప్రజలను ఆదరంగా చూసినవాడు, అందరికంటే ఎక్కువగా కీర్తిని కోరినవాడు. మొదటి మూడూ క్రీస్తు కొండమీది ప్రసంగంలో ధన్యులని చెప్పినవారి గుణాల్లాగా ఉన్నాయి. నాలుగోది, అదీ కావ్యంలో ఆఖరి మాట, ఆ ప్రసంగానికి ఎదురు నిలబడుతోంది. రెండో పొగడ్త చాసర్ ‘కాంటర్‌బరీ కథల’ ఉపోద్ఘాతంలోని నైట్ (గుర్రపు యోధుడు) వర్ణన. ప్రాణాల మీదికి వచ్చే యుద్ధాలు పదిహేను చేసి వచ్చిన ఆ మనిషి నడవడిలో కన్నెపిల్లలా సాత్వికుడట. మూడోది మాలరీ ‘మోర్ట్ డార్థర్’ చివర, ఆర్థర్ రాజు కొలువులోని మేటి నైట్ లాన్సెలాట్ శవం ముందు ఆయన తమ్ముడు సర్ ఎక్టర్ చేసే విలాపం. విందుశాలలో స్త్రీల మధ్య భోంచేసిన వారందరిలోకీ నీవు సాత్వికుడివి, మృదువైనవాడివి అంటాడు. ఆ వెంటనే, బల్లెం ఎత్తి పట్టినప్పుడు ప్రాణశత్రువు పట్ల నీ అంత కఠినుడు లేడంటాడు.

బేవుల్ఫ్ రాతప్రతి సుమారు 1000 నాటిది. మాలరీ గ్రంథాన్ని కాక్స్‌టన్ 1485 జూలై 31న అచ్చువేసి ముగించాడు. దాదాపు ఐదు వందల ఏళ్ల ఎడంలో ఉన్నవాళ్లు ఒకే రకం పొగడ్తను ఎందుకు ఎంచుకున్నారు? ఇది పాత జర్మానిక్ వీరగాథ మీద మఠాల్లోని లేఖకులు పూసిన క్రైస్తవపు రంగు అని నా మొదటి చిత్తుప్రతిలో రాశాను. దాని పక్కన మా గైడ్ గారు పెన్సిలుతో ఒకే వాక్యం రాశారు: ‘‘ఇందులో రంగు ఏది, గోడ ఏది?’’ వారం రోజులుగా నా దగ్గర జవాబు లేదు.

ఇంకొక సందేహం కూడా ఉంది. ‘సర్ గావెయిన్, గ్రీన్ నైట్’ కావ్యంలో గ్రీన్ నైట్ గొడ్డలి దెబ్బకు మెడ ఒగ్గుతానని మాట ఇచ్చిన ఆర్థర్ కొలువు యోధుడు గావెయిన్, ప్రాణం కాపాడుతుందన్న ఒక ఆకుపచ్చ నడికట్టును ప్రాణభయంతో దాచుకున్నందుకు అంతగా కుమిలిపోవడం నాకు అతిగా అనిపిస్తోంది. ఆయనను పరీక్షించినవాడే ఆ తప్పును తేలికగా తీసుకున్నాడు గదా. దీన్ని వీరుడి సిగ్గు అనాలా, క్రైస్తవుడి పశ్చాత్తాపం అనాలా?

జవాబు: పెరంబూరు మాస్టారు

అమ్మా, మీ గైడ్ గారి ప్రశ్న పాతదే. 797లో ఒకాయన దాన్ని ఇంతకంటే కోపంగా అడిగాడు. యార్క్‌లో చదువుకుని షార్లమేన్ కొలువులో గురువుగా ఉన్న ఆల్క్విన్, ఇంగ్లండులోని ఒక బిషప్పుకు రాసిన లేఖలో, భోజనాల వేళ దైవగ్రంథం చదివించుకోవలసిన చోట వీరగాథలు వింటున్నారని మండిపడి, ఇంగెల్డ్‌కూ క్రీస్తుకూ ఏమిటి సంబంధం అని నిలదీశాడు. ఇంగెల్డ్ అంటే బేవుల్ఫ్ కావ్యంలో కూడా ప్రస్తావనకు వచ్చే ఒక పాత వీరుడు. ఈ రెండు లోకాలకూ పొత్తు కుదరదన్నదానికి సాక్ష్యంగా ఆ లేఖను చూపడం మామూలే. నేను దాన్ని తిప్పి చదువుతాను. ఆ కోపానికి కారణమే ఆ రెండూ ఒకే భోజనశాలలో, ఒకే మనుషుల చెవుల్లో పడుతుండటం. రంగు డబ్బా పట్టుకుని బయటి నుంచి ఎవరూ రాలేదు. పాడినవాడూ విన్నవాడూ తోలుకాగితం మీద రాసినవాడూ బాప్తిస్మం పొందినవాళ్లే. కాబట్టి మీ చిత్తుప్రతిలోని ఆ వాక్యం కొట్టివేయండి.

మీ మూడు పొగడ్తలనూ ఒకే గాటన కట్టడం కూడా నాకు నచ్చలేదు. ఎక్టర్ మాటల్లో మృదుత్వానికి ఒక చోటు, కాఠిన్యానికి ఒక చోటు విడివిడిగా ఉన్నాయి: విందుశాల, రణరంగం. చోటు మారితే గుణం మారుతుంది, అందులో వైరుధ్యం లేదు. ఆ మాటకొస్తే ప్రత్యేకంగా క్రైస్తవమైనదీ అందులో ఏమీ లేదు. అది కొలువు మర్యాద. నన్నయ ఆదిపర్వంలో ఉదంకుడితో పౌష్య మహారాజు అనే మాట గుర్తు చేసుకోండి. బ్రాహ్మణుల మనసు కొత్త వెన్న, మాట వజ్రాయుధం. రాజుల విషయంలో ఇది తలకిందులు అంటాడు. అంటే రాజుకు మాట మెత్తన, మనసు కఠినం. ఒక రాజు చేతనే రాజుల గురించి ఈ నిజం చెప్పించిన ఆ నిర్మొహమాటం చూడండి. లాన్సెలాట్ సాత్వికత మాట వరకేనా, మనసు దాకా వెళ్లిందా అని అడగడం మనకు నన్నయ నేర్పుతాడు. ఎక్టర్‌కు ఆ ఆలోచన రాదు.

క్రైస్తవం వీరత్వాన్ని నిజంగా పట్టి కుదిపిన చోటు చూడాలంటే మీరు పేర్కొనని ఒక చిన్న కావ్యం చదవాలి. ‘సిలువ స్వప్నం’ అని చెప్పుకోదగిన ఆ కావ్యం 156 పాదాలే. ఇటలీలోని వెర్చెల్లిలో భద్రంగా ఉన్న పదో శతాబ్దపు రాతప్రతిలో అది దొరికింది. అందులోని పాదాలు కొన్ని స్కాట్లండులోని రూత్‌వెల్ రాతి సిలువ మీద రూన్ లిపిలో చెక్కి ఉన్నాయి. ఆ రాతి సిలువ ఎనిమిదో శతాబ్దానిది. కథ చెప్పేది మాను. అడవి అంచున నరికి, భుజాల మీద మోసుకుపోయి, ఒక కొండ మీద పాతిన చెట్టు తన అనుభవం చెబుతుంది. క్రీస్తును ఎవరో లాక్కురావడం ఇందులో కనబడదు. ఆయన యువవీరుడు, ఎక్కాలన్న తొందరతో తానే వస్తాడు. యోధుడు యుద్ధానికి ముందు కవచం తొడుక్కుంటాడు, ఈయన ఒంటి మీది బట్టలు విప్పుకుని సిద్ధమవుతాడు.

ఇక్కడ మాను చెప్పే మాటను నిదానంగా చదవండి. ఆ శత్రువులందరినీ నేను కూల్చివేయగలిగేదాన్ని, అయినా కదలక నిలబడ్డాను అంటుంది. రామబంటు అన్న మాట ఉగ్గుపాలతో వంటబట్టిన మనకు ఇందులోని బాధ విడమరచి చెప్పనవసరం లేదు. ప్రభువు ప్రాణానికి తన ప్రాణం అడ్డు వేయడం బంటు ధర్మం. ప్రభువు చనిపోతే తాను బతికి ఇంటికి రావడం తరతరాల అప్రతిష్ఠ. అటువంటి బంటుకు పడిన ఆజ్ఞ ఏమిటంటే, నన్ను చంపే కొయ్యగా నీవే నిలబడు అని. వంగితే అవిధేయత, విరిగితే అవిధేయత. బలం ఉండి, కోపం ఉండి, ఒంట్లో మేకులు దిగుతుండగా కదలకుండా ఉండటమే ఇక్కడి పరాక్రమం. వీరగాథలోని పాత పదజాలంలో ఒక్కటి కూడా ఈ కవి పారవేయలేదు: ప్రభువు, బంటు, యుద్ధం, ధైర్యం, అన్నీ ఉన్నాయి. చేయవలసిన పని మాత్రం మారిపోయింది.

మన ఆలంకారికులు వీరరసాన్ని యుద్ధవీరం, దానవీరం, దయావీరం, ధర్మవీరం అని విడదీశారు. ఆంగ్లో శాక్సన్ కవికి ఆ వర్గీకరణ లేదు. ఉన్నది ఒకే వీరత్వం. కొత్త గుణాన్ని చెప్పాలంటే దాన్ని కూడా యుద్ధభాషలోనే చెప్పాలి. అందువల్లనే మనకు అది రంగు పూసినట్లు కనబడుతుంది.

ఇక గావెయిన్. ఆయన డాలు మీద ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియని అయిదు కొనల నక్షత్రం ఉంటుంది. డాలు లోపలి వైపు, తన కళ్లకు ఎదురుగా, మరియమ్మ బొమ్మ ఉంటుంది. సొలొమోను ఆ నక్షత్రాన్ని ‘ట్రౌథ్’ అనే గుణానికి గుర్తుగా నిలిపాడని కవి చెబుతాడు. ఈనాటి ఇంగ్లీషులో ‘ట్రూత్’ అంటే ఉన్నది ఉన్నట్లు చెప్పడం. పద్నాలుగో శతాబ్దపు ‘ట్రౌథ్’లో ఇచ్చిన మాట నిలుపుకోవడం, ప్రభువు పట్ల విధేయత, దేవుడి మీద విశ్వాసం కలిసే ఉన్నాయి. ఇంగ్లీషువాళ్లు ఆ మాటను చీల్చి పంచుకున్నారు. మన ‘సత్యం’ ఇంకా చీలలేదు. హరిశ్చంద్రుణ్ణి సత్యహరిశ్చంద్రుడు అంటున్నామంటే ఆడి తప్పనివాడని. మీరు అమ్మతో తెలుగులో మాట్లాడుతూ తడబడింది ఈ మాట దగ్గరేమో చూసుకోండి. యోధుడి గుణానికీ భక్తుడి గుణానికీ మధ్య వంతెన వినయం అని అందరూ అంటారు. నా దృష్టిలో ఆ వంతెన సత్యం.

జవాబు: అన్నానగర్ పాఠకురాలు

మాస్టారి మాట కొట్టివేయడానికి రాయడం లేదు గాని, సత్యమే వంతెన అని ఊరుకుంటే అసలు బాధను పక్కదారి నుంచి దాటవేసినట్లవుతుంది. ఆడిన మాట తప్పనివాడికి గర్వం ఉండకూడదని ఎక్కడా లేదు. నిజానికి అటువంటివాడికే ఎక్కువగా ఉంటుంది. గుడిలో (మేము చర్చిని గుడి అనే అంటాము) చిన్నప్పటి నుంచి విన్నదాన్ని బట్టి చెబుతున్నాను, పాపాలన్నిటికీ మొదలు గర్వం. వీరగాథకు ప్రాణం కూడా అదే. చిక్కు అక్కడ ఉంది.

‘మాల్డన్ యుద్ధం’ కావ్యం చూడండి. 991 ఆగస్టు 10న ఎసెక్స్ తీరంలో వైకింగులు ఒక లంకలో దిగి, కప్పం కడితే వెళ్లిపోతామని కబురు పెడతారు. ముసలి సేనాని బిర్త్‌నోత్, మేము మీకు ఇచ్చే కప్పం ఈటెలేనని జవాబిస్తాడు. పోటు తీసి నీళ్లు తగ్గాక వాళ్లు ఇవతలికి రావడానికి ఒకే ఒక సన్నని దారి. దాన్ని ముగ్గురు కాపలా కాస్తున్నారు. అప్పుడు వైకింగులు దారి వదలమని అడుగుతారు, ఆయన వదులుతాడు. ఎందుకు వదిలాడో కవి ఒక్క మాటలో చెబుతాడు: ‘ఓఫర్‌మోడ్’ వల్ల. హద్దు మీరిన మనసు అని దాని అర్థం. ఇదే మాటను ‘జెనసిస్’ అనే మరొక పాత ఆంగ్ల కావ్యంలో దేవుడి మీద తిరగబడిన సాతానుకు వాడారు. టోల్కీన్ 1953లో ఈ మాట మీదనే ఒక వ్యాసం రాసి, బిర్త్‌నోత్ చేసింది వీరోచితమైన తప్పని, తన కీర్తి కోసం తన కింది మనుషుల ప్రాణాలు ఒడ్డాడని వాదించాడు. అది మెచ్చుకోలే అన్నవాళ్లూ ఉన్నారు. నాకు మాత్రం టోల్కీన్ మాటే సబబు అనిపిస్తుంది.

అయినా ఆ కవి అక్కడితో ఆగడు. నేలకొరిగిన బిర్త్‌నోత్ ఈ లోకంలో అనుభవించిన సంతోషాలన్నిటికీ దేవుడికి కృతజ్ఞతలు చెప్పి, తన ఆత్మను శాంతితో చేర్చుకోమని ప్రార్థిస్తాడు. గర్వంతో యుద్ధం పోగొట్టుకున్న మనిషే దీనుడై చనిపోతాడు, ఆ రెంటి మధ్య వంద పాదాలు కూడా లేవు. ఆ తరువాత బలం తగ్గేకొద్దీ గుండె గట్టిపడాలి అంటూ ముసలి బంటు బిర్త్‌వోల్డ్ చెప్పే మాటలను అందరూ ఎత్తి రాస్తారు గనుక నేను వదిలేస్తున్నాను. ఆ ఏడాదే ఇంగ్లండు వైకింగులకు 10,000 పౌన్ల కప్పం కట్టవలసి వచ్చిందన్న సంగతిని మాత్రం మీ పత్రంలో తప్పకుండా రాయండి. ఆ కప్పం కట్టమని సలహా ఇచ్చినవాడు కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు.

బేవుల్ఫ్ కవి ఇదే భయాన్ని హ్రోత్‌గార్ రాజు నోట పలికించాడు. గ్రెండెల్ అనే రాక్షసుణ్ణీ, తరువాత వాడి తల్లినీ చంపి వచ్చిన కుర్ర బేవుల్ఫ్‌ను పొగడవలసిన సభలో, జలప్రళయంలో రాక్షసులు నశించిన కథ చెక్కిన పాత కత్తిపిడిని చేతిలో తిప్పి చూస్తూ, ఆ రాజు హెచ్చరిక మొదలుపెడతాడు. మనిషికి సుఖం మరిగి మనసు కావలివాడు నిద్రపోయినప్పుడు, చాలా దగ్గరగా పొంచి ఉన్న హంతకుడు బాణం వేస్తాడు, అది శిరస్త్రాణం ధరించినవాడి గుండెలో దిగుతుంది అంటాడు. ఎఫెసీయులకు రాసిన పత్రికలోని సర్వాంగ కవచమూ దుష్టుని అగ్నిబాణాలూ తెలిసినవారికి ఆ బాణం ఎక్కడిదో వెంటనే తెలుస్తుంది. కావ్యంలో క్రీస్తు పేరు ఒక్కసారి కూడా రాదు. గ్రెండెల్‌ను కయీను సంతతి అని చెప్పడం మొదలు అన్నీ పాత నిబంధన సంగతులే. అయినా ఆ ప్రసంగంలో మాట్లాడుతున్నది గుడి పీఠం మీది మనిషే.

ఇప్పుడు మీ నాలుగో మాట, కీర్తికాంక్ష. పాత ఆంగ్లంలో ‘లోఫ్’ అంటే మనుషులు చేసే పొగడ్తా అవుతుంది, దేవుడికి చేసే స్తుతీ అవుతుంది. ‘సీఫేరర్’ అనే కావ్యంలో కవి ఈ రెంటినీ కావాలనే కలిపేశాడు: మనిషి చనిపోకముందే సాతానుకు ఎదురుగా ధైర్యంగా పనులు చేస్తే వెనుకటివాళ్లు పొగడుతారు, ఆ పొగడ్త దేవదూతల మధ్య నిలిచిపోతుంది అంటాడు. తెలుగులో మనకు ఇది పుట్టుకతోనే వచ్చింది. కీర్తి, కీర్తన ఒకే ధాతువు నుంచి వచ్చినవి. మా బైబిల్లో దావీదు పాటల పుస్తకం పేరే కీర్తనల గ్రంథం. బేవుల్ఫ్ కవి ఆఖరి మాటను ఏ వైపూ తిప్పకుండా వదిలేశాడు. దాన్ని మీరు బలవంతంగా ఒక వైపుకు లాగకండి.

గావెయిన్ సంగతి నాకు అతిగా అనిపించదు. ఆయన గ్రీన్ నైట్ దగ్గరకు బయలుదేరే ముందు రోజు తాను బస చేసిన కోటలో ఒక గురువు (చర్చి పూజారి) దగ్గర పాపసంకీర్తనం చేస్తాడు, అంటే తన పాపాలు చెప్పుకుంటాడు, ఆయన పరిశుద్ధుణ్ణి చేసి పంపుతాడు. అప్పటికే నడికట్టు తీసుకున్నాడు, దాన్ని కోట యజమానికి చూపనని ఆ ఇంటి దొరసానికి మాట ఇచ్చాడు. రోజంతా సంపాదించినది సాయంత్రం ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకోవాలని అదే యజమానికి అంతకుముందే మాట ఇచ్చి ఉన్నాడు. అందుచేత ఆ పాపసంకీర్తనం చెల్లుతుందా అని పండితులు ఇప్పటికీ తగువులాడుకుంటున్నారు. అసలు పాపసంకీర్తనం జరిగింది గ్రీన్ చాపెల్ దగ్గర. మెడ మీద చిన్న గాటు పెట్టి వదిలేశాక ఆ పచ్చని మనిషి (ఆ కోట యజమానే ఈ గ్రీన్ నైట్), నీవు తప్పు ఒప్పుకుని శుద్ధుడివయ్యావు, నా గొడ్డలి మొన చేతనే నీ ప్రాయశ్చిత్తమూ జరిగిపోయింది అంటాడు. ప్రాణం మీద తీపి వల్ల చేశావు గనుక నిన్ను పెద్దగా తప్పు పట్టను అని కూడా అంటాడు.

సిగ్గుకు చూసేవాళ్లు కావాలి. గావెయిన్ తప్పు ఆ అడవిలో ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. నోరు మూసుకుంటే ఆర్థర్ కొలువైన కామెలాట్‌లో విజేతగా ఊరేగేవాడు. ఆయన నడికట్టును అందరికీ కనబడేలా ఒంటికి అడ్డంగా కట్టుకుని వెళ్లి, కథంతా తన నోటితోనే చెప్పుకుంటాడు. కొలువంతా నవ్వి, తామూ అటువంటి పచ్చ పట్టీలు కట్టుకుంటామని తీర్మానిస్తుంది. వాళ్లకు అది గౌరవ చిహ్నం, ఆయనకు మచ్చ. వీరుడి సిగ్గా, క్రైస్తవుడి పశ్చాత్తాపమా అని మీరు అడిగారు. సభ నవ్వుకూ ఆయన ముఖానికీ మధ్య ఉన్న ఆ ఎడమే నా జవాబు. తప్పు ఒప్పుకున్న అదే నోటితో, ఆదామును, సొలొమోనును, సమ్సోనును, దావీదును ఆడవాళ్లే మోసగించారు గదా అని దండకం చదవడం మాత్రం మా స్త్రీలకు ఎన్నిసార్లు చదివినా మింగుడు పడదు.

జవాబు: అంబత్తూరులో ఉంటున్న పల్నాటివాడు

సాహిత్యం నా చదువు కాదు, ఫ్యాక్టరీ ఉద్యోగిని. బిర్త్‌నోత్ కథ వింటుంటే మా కారెంపూడి గుర్తుకు వచ్చి రాస్తున్నాను. బాలచంద్రుణ్ణి యుద్ధానికి రావద్దని దూరంగా ఉంచినా ఆగడు, వచ్చి పోరాడి చనిపోతాడు. పెద్దల ఎత్తుగడకు ఆ దూకుడు పనికి రాలేదని మా తాతే అనేవాడు, అయినా ప్రతి ఏడూ కార్తికంలో వీరుల ఆయుధాలకు జరిగే పూజలో ఎవరూ ఆ పిల్లవాణ్ణి తప్పు పట్టరు. తప్పు చేశాడని తెలిసే పూజిస్తారు. బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి పెట్టిన చాపకూడును కూడా అదే కథలో అదే గొంతుతో పాడతారు. ఇక్కడ రంగు ఏదని మమ్మల్ని ఎవరూ అడగలేదు.

మైలాపూరు విద్యార్థిని

అందరికీ కృతజ్ఞతలు. ‘సిలువ స్వప్నం’ నిన్న రాత్రి చదివాను. మాస్టారు చెప్పిన వెర్చెల్లి రాతప్రతిలో ఇంకా ఏమున్నాయో చూస్తే, కినెవుల్ఫ్ రాసిన ‘అపొస్తలుల గతులు’ అనే చిన్న కావ్యం కనబడింది. అందులో పన్నెండుగురు శిష్యులూ ప్రభువు కోసం దేశాలు పట్టి పోయిన యోధుల్లాగా వరుసగా వస్తారు. తోమా ధైర్యం చేసి ఇండియాకు వెళ్లాడని, అక్కడ రాజు తమ్ముడు గాదును మరణం నుంచి లేపాడని, చివరికి జనం ఎదుట కత్తి దెబ్బకు కూలిపోయాడని ఉంది. కూలిపోయాడు అనడానికి కవి వాడిన క్రియ యుద్ధంలో యోధులు నేలకొరగడానికి వాడేదే. తోమా సమాధి అని చెప్పుకునే శాంథోమ్ గుడి మా హాస్టలుకు నడిచి వెళ్లే దూరంలో ఉంది. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లండు కవి ఈ కథను వీరగాథగా రాశాడని తెలిశాక సాయంత్రం అటు వెళ్లి కాసేపు కూర్చుని వచ్చాను. ఆల్ఫ్రెడ్ రాజు సెయింట్ తోమా పేర ఇండియాకు కానుకలు పంపాడని ఆంగ్లో శాక్సన్ క్రానికల్ 883వ సంవత్సరం కింద రాసి ఉందట. అది ఇండియానా, యూదయానా అని తగువు ఉన్నందువల్ల పత్రంలో దాన్ని వాడను.

తోమా కత్తి పట్టలేదు గనుక ఆయనను యోధుడన్నా ఇబ్బంది లేదు. అన్నానగర్ అమ్మగారి జవాబుతో గావెయిన్ సంగతీ తేలింది. లాన్సెలాట్ దగ్గరే మళ్లీ ఆగిపోయాను. ఎక్టర్ పొగడ్త ఉత్త కొలువు మర్యాదే అయితే, మాలరీ అంత పెద్ద గ్రంథాన్ని దాని దగ్గరకు ఎందుకు తీసుకువచ్చాడు?

పెరంబూరు మాస్టారు

మంచి చోట పట్టుకున్నారు. అన్నానగర్ వారు గర్వం గురించి చెప్పినదాన్ని ఒప్పుకుంటూనే దీనికి జవాబు రాస్తున్నాను. బిర్త్‌నోత్‌ను నేను మరిచిపోవడం పొరపాటే.

మాలరీ స్వయంగా నైట్, ఖైదీ. నాలుగో ఎడ్వర్డ్ ఏలుబడిలో తొమ్మిదో ఏట, అంటే 1469-70లో, గ్రంథం ముగించానని చెప్పుకుంటూ తన విడుదల కోసం ప్రార్థించమని పాఠకులను అడిగాడు. ఆయన గ్రెయిల్ (క్రీస్తు పవిత్ర పాత్ర) అన్వేషణ కథలో లోకంలోకెల్లా గొప్ప యోధుడు ఓడిపోతాడు. గలహాడ్, పెర్సివల్, బోర్స్ గ్రెయిల్‌ను చేరుకుంటారు. ఆర్థర్ రాణి గ్వినెవీర్ మీది మనసు వదులుకోలేని లాన్సెలాట్ తలుపు దాకా వెళ్లి, లోపలికి అడుగు వేసి, స్పృహ తప్పి పడిపోతాడు. చేతి బలం ఎంత ఉన్నా అక్కడ పనికి రాలేదు.

తరువాత సర్ అర్రీ కథ వస్తుంది. పాపం లేని నైట్ తాకితే తప్ప మానని పుండ్లతో ఒక మనిషి ఆర్థర్ కొలువుకు వస్తాడు అన్నట్లుగా చాలామంది చెబుతారు. మాలరీ రాసింది అది కాదు. లోకంలోని ఉత్తమ నైట్ తాకితే మానుతాయి అని మాత్రమే ఉంది. రాజుతో సహా అందరూ ప్రయత్నించి విఫలమయ్యాక లాన్సెలాట్ వంతు వస్తుంది. ఆయన తనకు ఆ అర్హత లేదని వెనకాడి, ఎవరికీ వినబడకుండా దేవుణ్ణి వేడుకుని తాకుతాడు. పుండ్లు మానిపోతాయి. సభంతా దేవుణ్ణి స్తుతిస్తుంటే ఆయన మాత్రం దెబ్బలు తిన్న చిన్న పిల్లవాడిలా ఏడుస్తాడు. ఆ ఏడుపు ఎందుకో మాలరీ చెప్పడు. నా పాఠంలో ఈ చోటికి వచ్చినప్పుడల్లా కారణం చెప్పబోయి మానుకునేవాణ్ణి. మీరు అడిగిన సాత్వికత ఈ గ్రంథంలో ఎక్కడైనా ఉందంటే ఇక్కడ ఉంది, అదీ విందుశాలలో కాదు.

ఆర్థర్ పోయాక, గ్వినెవీర్ కన్యకల మఠంలో చేరాక, లాన్సెలాట్ ఆశ్రమవాసి అవుతాడు. ఆరేళ్లు తపస్సు, ఆపైన గురుపట్టం పొంది ఏడాదిపాటు పూజ పలకడం, చివరికి ఆమెను పాతిపెట్టాక అన్నం నీళ్లు మానేసి సమాధి మీద పడి ఏడవడం. చనిపోయేనాటికి ఆయన ఎత్తు కూడా తగ్గిపోయాడని మాలరీ రాశాడు. ఎక్టర్ ఇవేవీ చూడలేదు. అన్నను వెతుకుతూ ఏడేళ్లు దేశమంతా తిరిగి, శవాన్ని గుడిలో ఉంచిన రోజున జాయస్ గార్డ్ చేరుకుంటాడు. క్రైస్తవ నైట్లందరికీ నీవు శిరస్సువి అని మొదలుపెట్టి ఆయన పొగిడేదంతా తనకు తెలిసిన పాత మనిషిని, డాలు పట్టినవాణ్ణి, గుర్రం ఎక్కినవాణ్ణి. ఎదురుగా పడుకున్నది గురువు. పొగడ్త అందుకుంటున్నది నైట్. ఇద్దరూ ఒకరేనని తెలిసినవాళ్లం చదువరులం మాత్రమే. అందుకే ఆ మర్యాద మాటలు అక్కడ అంత బరువుగా వినబడతాయి.

ఆ విలాపానికి ముందు ఎక్టర్ చేసే పనిని మీరు గమనించారో లేదో. అన్న శవాన్ని చూపించబోతున్నారని తెలియగానే డాలు, కత్తి, శిరస్త్రాణం తీసి దూరంగా విసిరేస్తాడు. గ్రంథం అక్కడితో ఆగి ఉంటే మీ పత్రం చక్కగా కుదిరేది. కాని చివరి పేజీలో మాలరీ ఆ ఎక్టర్‌ను, బోర్స్‌ను, మరి ఇద్దరిని, లాన్సెలాట్ ఆజ్ఞ ప్రకారమే, పుణ్యభూమికి పంపుతాడు. వాళ్లు అక్కడ తురుష్కులతో ఎన్నో యుద్ధాలు చేసి, ఒక శుభ శుక్రవారం నాడు చనిపోతారు.